బాక్సుల ముందు చాప

మదనపల్లె,
9-11-2025, ఆదివారం.

పుంగనూరు మైకుసెట్టు మహారాజు, నా ప్రాణమిత్రుడు అమ్జద్‌కు,

మునికుమార్ నమస్కారం. నీకూ చెల్లెమ్మకూ సలాములు, రుక్సార్‌కు ఆశీస్సులు. ఇక్కడ నేనూ వాణీ క్షేమం. టమోటా ధర మాత్రం క్షేమంగా లేదు, అది ఎప్పుడు క్షేమంగా ఉంది గనక. అక్కడ మీరంతా బాగున్నారని, నీ గోడౌనులో ఎలుకలు వైర్లు కొరకడం మానేశాయని తలుస్తున్నాను.

గంట ప్రయాణం దూరంలో ఉన్నవాడు బస్సెక్కి రాకుండా, జేబులో ఫోను పెట్టుకుని కూడా, పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చి ఉత్తరం రాయడమేమిటని నువ్వు నవ్వుతావు. నవ్వు. ఫోనులో అయితే నేను ఒక మాట అనేలోపల నువ్వు పది అంటావు. కాగితం మీద అయితే నాదే రాజ్యం.

నువ్వు పంపిన వాయిస్ మెసేజులన్నీ అందాయి. మొన్నటిది వాణి విని నాకు చెప్పింది. గ్రానైట్ బ్యాండు వాళ్ళు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసి జనవరిలో బెంగళూరులో షో చేస్తున్నారని, మనిద్దరికీ టికెట్లు తీశావని చెప్పావట. ఏడాదిగా నేను నీ ఫోను ఎత్తడం లేదని, రుక్సార్ నిశ్చితార్థంలో మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమంటే నవ్వేసి అన్నాల దగ్గరికి వెళ్ళిపోయానని, నా మీద నీకేం కోపమో అర్థం కావడం లేదని, ఈసారి కూడా జవాబు రాకపోతే టికెట్లు చించేసి ఇక జన్మలో నా గడప తొక్కనని కూడా అన్నావట. చివర్లో నీ గొంతు మారిపోయిందని వాణి చెప్పింది. ఆ మాట తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

అందుకని ముందే చెప్పేస్తున్నాను. నీ మీద నాకు కోపం లేదు. నీ మీద కోపం తెచ్చుకునేంత తెలివితేటలు నాకు ఎప్పుడూ లేవు. అయినా జనవరి షోకు నేను రాలేను. ఎందుకు రాలేనో చివర్లో రాస్తాను. దానికి ముందు పాత సంగతులు కొంచెం మాట్లాడుకుందాం. ఈ మధ్య నాకు అవే మాట్లాడుకోవాలని ఉంటోంది, వాణికి వినీ వినీ విసుగొచ్చింది.

మనం కుప్పంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాం. మా నాయన క్వారీలో గ్రానైటు కోసీ కోసీ, ఆ రాతి దుమ్మంతా రొమ్ములో నింపుకుని, ఆ ఎండాకాలంలోనే పోయాడు. నేను కాలేజీకి వచ్చేవాణ్ణి, పోయేవాణ్ణి, అంతే. నువ్వు మీ మేనత్త మైమూనమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటూ, శని ఆదివారాలు పుంగనూరు పోయి మీ నాయన బాబు సాహెబుకు మైకుసెట్టు పనిలో సాయం చేసేవాడివి. ఒక సోమవారం నువ్వు నవ్వు ఆపుకోలేకపోతూ వచ్చావు. రామసముద్రం దగ్గర ఏదో పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే సమయానికి, భక్తి పాటల క్యాసెట్టు పెట్టబోయి ఇంకేదో పెట్టావట. మైకు హారన్లలోంచి కరెంటు గిటారు ఊరంతా వినబడేట్టు కేక పెట్టిందట. అయ్యవారు మంత్రం ఆపేశాడట. పెళ్ళికొడుకు తాళి జారవిడిచాడని కూడా అన్నావు కానీ అది నీ పోపు అని నాకు తెలుసు. బెంగళూరు నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళలో ఎవరో తమ క్యాసెట్టు నీ పెట్టెలో మరిచిపోయారు. బాబు సాహెబు దాన్ని వీధిలోకి విసిరేస్తే నువ్వు ఏరుకొచ్చి నా చేతిలో పెట్టావు.

అట్ట మీద గ్రానైట్ అని రాసి ఉంది. మా నాయనను తినేసిన రాయి పేరు. మొదట నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా ఆ సాయంత్రం మైమూనత్త ఇంట్లో టేప్ రికార్డరులో వేసి విన్నాం. ఇంగ్లీషు నాకు బాగానే వచ్చని కాలేజీలో పేరు, కానీ ఆ పాడేవాడు మాటలన్నీ నమిలి మింగేస్తున్నాడు. ఆ గిటారు మాత్రం నాకు తెలిసిన శబ్దం. క్వారీలో రాయి కోసే మిషను శబ్దాన్ని ఎవరో కూర్చోబెట్టి పాడటం నేర్పినట్టుంది. ఆ మిషను మా నాయన బతుకంతా మా ఇంటి మీద అరిచింది. అది ఏడవగలదని కూడా నాకు ఆ రోజే తెలిసింది. ఒక పక్క అయిపోగానే తిప్పి పెట్టమన్నాను. పెట్టావు. మళ్ళీ తిప్పమన్నాను. మూడోసారి కాబోలు, మైమూనత్త వంటింట్లోంచి వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

“ఏమప్పా, ఆ పిల్లి తోక యాల తొక్కతాండారు, పాపం, వదిలిపెట్టండి దాన్ని” అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నువ్వు ఎక్కడి నుంచో కరపత్రం పట్టుకొచ్చావు. గ్రానైట్ వాళ్ళు బెంగళూరులో ఒక కాలేజీ మైదానంలో వాయిస్తున్నారని. నాయన పోయి ఏడాది తిరగకుండా పాటలకూ కూతలకూ పోతే ఊరు ఏమంటుందని మా అమ్మ. ఊరు ఏమన్నా అనుకోనీ, వీణ్ణి నేను తీసుకుపోతాను, నేనే తెచ్చి అప్పజెపుతాను అని మా అమ్మ ముందు నిలబడి చెప్పినవాడివి నువ్వు. నీకు ఆ పాటల మీద అంత పిచ్చి ఎక్కిందని నేను లోలోపల ఆశ్చర్యపోయాను.

మైమూనత్త మాత్రం మన ప్రయాణానికి తనకు తెలిసిన పద్ధతిలో సాయం చేసింది. మన పక్క ద్రౌపదమ్మ గుడి ముందు భారతం ఆడితే, పొద్దు వాలకముందే చాప పరిచినవాడిదే జాగా. ఆలస్యమైతే భీముడి కిరీటం తప్ప ఏమీ కనబడదు. అందుకని ఆమె పెద్ద ఈతచాప ఒకటి చుట్టి నీ భుజానికి తగిలించింది. రాగి సంగటి ముద్దలు, నంజుకోను చెనక్కాయల ఊరుబిండి గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చింది. మనం ఇద్దరం కుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో వడలు తిని, మిట్టమధ్యాహ్నానికి ఆ మైదానం చేరాం. వేదిక ముందు, ఇద్దరు మనుషుల ఎత్తు స్పీకరు బాక్సుల కింద, చెప్పులు పక్కన విడిచి, చాప పరిచి, కాళ్ళు మడిచి కూర్చున్నాం. వైర్లు లాగుతున్నవాళ్ళు మనల్ని చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు. వాలంటీరు ఒకడు వచ్చి చాప తీయమంటే, అందరికంటే ముందే వచ్చి పరుచుకున్నాం, ఇది మా జాగా అని నువ్వు కన్నడంలో పంచాయితీ పెట్టావు. వాడు చాప వదిలేసి పోయాడు.

సాయంత్రానికి జనం వచ్చారు. ఎవరూ కూర్చోవడం లేదు. అందరూ వచ్చాక కూర్చుంటారులే అని నువ్వు నాకు ధైర్యం చెప్పావు. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడగానే మన చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎగరడం మొదలుపెట్టారు. కూర్చున్న మనకు ప్యాంట్లు, బూట్లు తప్ప ఏమీ కనబడలేదు. లేచి నిలబడ్డాం. విచిత్రమేమిటంటే అంత తొక్కిసలాటలో కూడా మన చాప మీద ఎవరూ కాలు పెట్టలేదు. అదేదో పూజ అనుకున్నారేమో. భుజాల దాకా జుట్టు పెంచిన పిల్లోడొకడు, వాడితో వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు మనల్ని అడిగి, బూట్లు విప్పి మరీ చాపెక్కారు. మధ్యలో బ్యాండు వాళ్ళు ఆగినప్పుడు మన సంగటి తిన్నారు. ఆ జుట్టు పిల్లోడు ఊరుబిండి కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా ఇంకొంచెం వేయమన్నాడు. ఇంతా చేసి, తిరిగొచ్చేటప్పుడు మన చెప్పులు లేవు. ఉత్త కాళ్ళతో కుప్పం చేరాం.

నేను నీకు అప్పుడు చెప్పలేదు. నాయన పోయినప్పటి నుంచి నా రొమ్ములో ఏదో గడ్డకట్టి ఉండేది. ఏడుపు రాదు, నవ్వు రాదు. ఆ బాస్ గిటారు మొదలైనప్పుడు ఆ గడ్డ కదిలింది. ఆ పెద్ద బాక్సుల ముందు నిలబడి నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు, ఆ శబ్దంలో ఎవరికీ వినబడదు కాబట్టి అరిచాను. ఒక మనిషికి అంత స్వేచ్ఛ ఇచ్చే చోటు ఇంకోటి నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఎన్నిసార్లు పోయామో. వాన పడిన షో నీకు జ్ఞాపకం ఉంటుంది. ఉన్నట్టుండి ఉరుములు, కరెంటు పోయింది, జనం చెట్ల కిందికి పరుగెత్తారు. నువ్వు మాత్రం చాప తీసుకుని వేదిక మీదికి దూకావు. మైకుసెట్టు ఇంట్లో పుట్టినవాడి బుద్ధి. వాన చినుకు పడితే మనిషి తడిసినా ఫరవాలేదు, ఆంప్లిఫయరు తడవకూడదని బాబు సాహెబు నీకు చిన్నప్పుడే నూరిపోశాడు. చాప దాని మీద కప్పి, గాలికి ఎగరకుండా నువ్వే దాని మీద పడుకున్నావు. నిన్ను దించాలని వచ్చినవాళ్ళు కూడా చివరికి నీ పక్కనే కూర్చుని చాప అంచులు పట్టుకున్నారు. ఆ డ్రమ్ములాయన కరెంటు లేకపోయినా ఆపలేదు. వానలో, ఒట్టి డ్రమ్ము ఒకటే. మిగిలిన కొద్దిమందిమి చప్పట్లతో తాళం వేశాం. ఆ రోజు నేను నీ వైపు చూస్తే నువ్వు చాప మీద బోర్లా పడుకుని నా వైపే చూసి నవ్వుతున్నావు. అంత సంతోషంగా ఉన్న మనిషి మొహాన్ని నేను మళ్ళీ నా పెళ్ళి ఫోటోల్లో కూడా చూడలేదు. వాణికి ఈ మాట చూపించవద్దు.

తర్వాత బాబు సాహెబుకు ఆరోగ్యం చెడి నువ్వు షాపులో కూర్చున్నావు. నాకు ఇక్కడ మార్కెట్ కమిటీలో ఉద్యోగం వచ్చింది. గ్రానైట్ వాళ్ళు కూడా తలా ఒక దారి పట్టారు. కడుపులో చల్ల కదలకుండా బతుకులు గడిచిపోయాయి.

ఒక మాట మాత్రం నిజం. మనిద్దరిలో అసలైన భక్తుడివి నువ్వు. కరపత్రాలు తెచ్చింది నువ్వు, రైలు వేళలు కనుక్కుంది నువ్వు, పరీక్షల ముందు రోజు కూడా నన్ను లాక్కుపోయింది నువ్వు. నేను పిచ్చిగా ఎగిరేవాణ్ణి. నువ్వు నిదానంగా నిలబడి తల ఊపేవాడివి. ఆ తల తాళానికి ఒక అరక్షణం వెనక ఊగేది. అదేదో లోతు తెలిసినవాళ్ళ పద్ధతి అనుకుని నేను కూడా అలా ఊపాలని చూశాను, నాకు రాలేదు.

అందుకే అంటున్నాను. టికెట్లు చించొద్దు. నేను రాలేకపోవడానికి పెద్ద కారణాలేమీ లేవు. మోకాళ్ళ నొప్పులు, అంతసేపు నిలబడలేను. జనవరిలో ఆఫీసులో ఆడిట్. వాణి వాళ్ళ అక్క వస్తానంటోంది. యాభై దాటినవాడు పిల్లల మధ్య ఎగిరితే ఏం బాగుంటుంది. రుక్సార్‌ను తీసుకుపో, లేదంటే కాబోయే అల్లుణ్ణి తీసుకుపో, మామ ఎలాంటివాడో ముందే తెలుస్తుంది. నువ్వు ప్రాణం పెట్టిన పాటలు నువ్వు వినాలి. నా కోసం ఆ సంతోషం పోగొట్టుకోవద్దు.

నీ కోపానికి కూడా నోచుకున్నవాడు,
మునికుమార్

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెడుతుంటే వాణి లాక్కుని చదివింది. చదివి, ఈ మోకాళ్ళ నొప్పులు నీకు ఎప్పటి నుంచి అని అడిగింది. నిజం రాయకపోతే కవరు అంటించనివ్వనని, తనే బస్సెక్కి పుంగనూరు పోయి చెప్పొస్తానని కూర్చుంది. అందుకని రాస్తున్నాను.

నాకు చెవులు పోయాయి అమ్జద్. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది ఉందంటే ఉంది. పోయిన ఏడాది వానాకాలంలో ఒక పొద్దున యార్డుకు పోతే వేలం జరుగుతోంది. వ్యాపారులు చేతులెత్తుతున్నారు, మండీ వాళ్ళు నోళ్ళు తెరుస్తున్నారు, లారీలు వెనక్కి వస్తున్నాయి. ఎవరో పెద్దమనిషి పోయినందుకు అందరూ మెల్లగా మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. లారీ డ్రైవరు దిగొచ్చి నా భుజం పట్టుకుని పక్కకు లాగితే గానీ నాకు సంగతి తెలియలేదు. తిరుపతిలో డాక్టరుకు చూపించుకున్నాం. మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడే మనిషి మాట కొంత తెలుస్తుంది. ఫోనులో ఏమీ తెలియదు. అక్షరాలు కొట్టి పంపితే చదువుకునేవాణ్ణి, నువ్వేమో పుట్టి బుద్ధెరిగి ఒక్క మెసేజు టైపు చేసిన పాపాన పోలేదు. పాటలైతే రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంటాయి. గ్రానైట్ వాళ్ళ పాట ఒకటి వాణి ఫోనులో వెతికి పెట్టింది. అది ఏ పాటో నేను పోల్చుకోలేకపోయాను. ఆ రోజు ఏడ్చాను.

రుక్సార్ నిశ్చితార్థంలో నువ్వు మైకు ఇచ్చి ఏదో అన్నావు. హాలులో అందరి నోళ్ళూ ఒక్కసారే కదులుతున్నాయి. నాకు భయమేసింది. నవ్వేసి తప్పుకున్నాను. ఇదంతా నీకు చెబితే, ఆ బాక్సుల ముందు వీణ్ణి నిలబెట్టింది నేనే కదా అని నువ్వు కుమిలిపోతావని చెప్పలేదు. డాక్టరు అలా అనలేదు, నరం బలహీనం అన్నాడు, మా నాయన తమ్ముడికి కూడా ఇలాగే అయింది. ఇక షో సంగతి. చెవిటివాణ్ణి పక్కన పెట్టుకుని నువ్వు పాట వింటావా, వాడికి సైగలు చేస్తావా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా. నీకు ప్రాణమైన షో నా వల్ల పాడు కాకూడదు. ఇదీ నిజం. వాణి ఇప్పుడు కవరు అంటించమంటోంది.


పుంగనూరు,
16-11-2025, ఆదివారం.

మదనపల్లె మార్కెట్ యార్డు దొరగారు మునికుమార్ గారికి,

అమ్జద్ సలాం. ఇక్కడ అందరం బాగున్నాం. ఎలుకలు కూడా బాగున్నాయి. వాణమ్మకు నా సలాములు ముందు చెప్పు, ఆమె లేకపోతే నేను ఇవాళ్టికి టికెట్లు చించేసి ఉండేవాణ్ణి.

నేను చెబుతుంటే రుక్సార్ రాస్తోంది. వార్డు సచివాలయంలో ఉద్యోగం కాబట్టి దాని రాత నీటుగా ఉంటుంది. మొదట నీకు తిట్లు. నువ్వు ఏడాది పాటు నన్ను ఇలా ఏడిపించినందుకు.

(మామా, నాన్న చెప్పినవి రాయదగ్గవి కావు. మీరే ఊహించుకోండి. - రుక్సార్)

నీ ఉత్తరం గురువారం షాపుకు వచ్చింది. మోకాళ్ళ నొప్పుల దాకా చదివి, ఆడిట్ దాకా చదివి, చాలు అనుకున్నాను. పిలిచినా రానివాడికి దండం పెట్టి ఊరుకోవాలనుకుని ఉత్తరం డ్రాయరులో పడేశాను. సాయంత్రం రుక్సార్ తీసి చూసి, ఇంకో కాగితం ఉంది నాన్నా అంది. అది చదివి వినిపించింది. తర్వాత నేను షాపు మూసేశాను. రెండు పెళ్ళిళ్ళకు సామాను పంపాల్సి ఉన్నా మూసేశాను.

(మామా, నాన్న ఇక్కడ లేచి బయటికి వెళ్ళిపోయారు. టీ ఇచ్చి మళ్ళీ కూర్చోబెట్టాను.)

ఏడాదంతా నీకు డబ్బా ఉద్యోగం తలకెక్కిందని, సాటివాళ్ళ ముందు మైకుసెట్టువాడు దోస్తని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నావని అనుకున్నాను. మీ చెల్లెమ్మ దగ్గర నిన్ను అనరాని మాటలన్నీ అన్నాను. ఆమె ఒక్కటే అంది, అన్నయ్య అట్లాంటోడు కాడు, ఏదో ఉండాది అని. ఆడవాళ్ళకు తెలిసిపోతుంది మునీ. మనకే తెలియదు.

మైమూనత్తకు కబురు పంపాను. ఆమెకు ఎనభై దాటాయి, కుప్పంలో కొడుకు దగ్గరే ఉంది. ఆమెకూ వినబడదు. కోడలు చెవి దగ్గర అరిచి చెప్పిందట, మునికుమారుకు చెవులు పోయినాయంట అని. ఆమె తాపీగా ఆకు వక్క నములుతూ చెప్పిన జవాబు ఆ కోడలే, అంటే మా వదిన, ఫోనులో నాకు చెప్పింది.

“ఇంతేనా? నాకు పదేండ్లుగా వినపళ్ళా, నేనేమన్నా సచ్చినానా? వాణ్ణి ఒకసారి రమ్మను, ఇద్దరం కూసుని అరుసుకుంటాం.”

కాబట్టి నువ్వు ఆమెను చూడటానికైనా రావాలి. షో జనవరిలో, ఆదివారం సాయంత్రం. నువ్వు పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కు, పుంగనూరులో నేనెక్కుతాను. కుప్పం పోయి అత్తను చూసి అక్కడే రైలెక్కుదాం. బెంగళూరుకు నేరుగా బస్సులున్నాయని నాకూ తెలుసు, నువ్వు చెప్పనక్కర్లేదు. రుక్సార్‌ను తీసుకుపొమ్మన్నావు. అడిగాను. దానికి అలాంటి పాటలు పడవట. అల్లుడు మర్యాదస్తుడు, అతన్ని భయపెట్టడం ఇప్పుడే వద్దు.

బాక్సుల సంగతి రాశావు. నేను కుమిలిపోతానని దాచావట. కుమిలిపోయానులే, రెండు రోజులు. ఇక్కడి డాక్టరు దగ్గరికి పోయి అడిగొచ్చాను కూడా. మీ చిన్నాయనకు ఉంటే నీకు రావడం మామూలేనని ఆయన చెప్పాడు. అయినా నా మనసులో కొంచెం ఉంటుంది, అది ఉండనీ.

నా చేత ఒట్టు వేయించి రుక్సార్ ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం నేర్పుతోంది. ఇంతవరకూ నా పేరు దాకా వచ్చింది. నీ పేరులో ని దొరకడం లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. నువ్వు పక్కన ఉంటే నా షో పాడవుతుందని రాశావు. దానికి జవాబు నా దగ్గర ఉంది కానీ అది రుక్సార్ చేత రాయించలేను. కింద నేనే రాస్తాను.

ఇట్లు, చెప్పాపెట్టకుండా నీ గడప తొక్కబోయే,
అమ్జద్

తా.క.: ఇది నా చేతి రాత. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో. రుక్సార్‌ను నీళ్ళు పట్టను పంపించి రాస్తాండా.

మునీ, నాకు ఆ పాటలు ఎప్పుడూ నచ్చలేదప్పా. గ్రానైట్ వాళ్ళవి ఒక్కటంటే ఒక్కటి నచ్చలేదు. అత్త ఇంట్లో మొదటిసారి విన్న దినమే నాకు తలనొప్పి వచ్చింది. అన్ని షోలకు వచ్చినా ఏది పాటో, ఏది వాళ్ళు గిటారు సరిజేసుకొనే శబ్దమో నాకు తెలిసేది కాదు. నా పాటలు వేరే. మా నాయన హారన్లలో ఏస్తాండినాడే, అవి.

మీ నాయన పోయినాక నువ్వు నా పక్కనే కూసుంటివి గానీ ఆడ లేవు. అన్నం పెడితే తింటివి, పిలిస్తే పలికితివి, అంతే. నాకు భయమేసింది. వీడు కూడా పోతాడేమో అనుకొన్నా. ఏమి చెప్పాల్నో నాకు చేతకాలేదు. ఆ క్యాసెట్టు ఏస్తే నీ మొగం మారింది. మళ్ళీ తిప్పమంటివి. అప్పుడే అనుకొన్నా, ఈ గోల యాడ దొరికితే ఆడికి వీణ్ణి తీసకపోవాల అని. అంతేనప్పా. భక్తీ లేదు, ఏమీ లేదు.

అన్ని షోల్లో నేను స్టేజీ మిందకు చూసింది తక్కువ. నీ మొగం సూస్తాంటి. పాట బాగుంటే నీ మొగంలో తెలిసిపోతాండె. నాకు అది చాలు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నువ్వు రావడం మానేస్తావని.

కాబట్టి నా షో పాడైపోయేది ఏమీ లేదు. జనవరిలో వాళ్ళు ఏమి వాయించుకుంటారో వాయించుకోనీ. పాత పాటలన్నీ నీకు మనసులో ఉంటాయి కదా, అవి తలుచుకుంటా నిలబడు. నేను ఎప్పటి మాదిరే నీ మొగం సూస్తా నిలబడతా.